నొప్పి లేదన్న వేలు

సాయంత్రం సాధన ముగిసే వేళకి ఫ్రేముల మాస్టారు చప్పట్లు చరిచి "చేతులు!" అనేవాడు.

షెడ్డులో ఉన్నవాళ్లంతా విల్లులు గోడకి ఆనించి, వరసగా నిలబడి, కుడిచేతులు ముందుకి చాపేవారు. ఆయన ట్యూబులైటు కింద ఒక్కొక్కరి దగ్గరా ఆగి, నారి లాగే మూడు వేళ్లనీ, అంటే చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలు పట్టుకుని, వాటి కొసల్ని తన బొటనవేలితో గట్టిగా నొక్కేవాడు. చురుక్కుమని చెయ్యి లాక్కున్నవాడికి "ఇంకా పచ్చివే" అని తీర్పు. కదలకుండా నిలబడ్డవాడికి "కాయ కాసింది, శభాష్" అని మెప్పు. ఎవరైనా వేలికి ప్లాస్టరు చుట్టుకొస్తే దాన్ని అక్కడికక్కడే ఊడబీకి చెత్తబుట్టలో పడేసి, "వేలికి గాలి తగలనివ్వండి, బుద్ధొస్తుంది" అనేవాడు. అందరూ నవ్వేవారు. ప్లాస్టరు పోయినవాడూ నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

వరసలో చివర ఆయన మేనకోడలు నిలబడేది. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది.

"నొప్పి?"

"లేదు మామయ్యా."

"ఇక్కడ?"

"ఊహూఁ."

"గోరు గుచ్చుతున్నా."

"గుచ్చు. ఏం లేదు."

ఆయన ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, కుస్తీలో గెలిచినవాడి చేతిని ఎత్తినట్టు పైకెత్తేవాడు. "చూశారా? ఇదీ వేలంటే. మీరంతా మీసాలు పెంచారు, ఈ పిల్ల వేలు పెంచింది." మళ్లీ నవ్వులు. ఆ అమ్మాయి సిగ్గుపడేది గానీ చెయ్యి దించుకునేది కాదు. మామయ్య దించేదాకా అలాగే ఉంచేది.

నొప్పి లేదంటే వేలు గట్టిపడిందని ఆయన లెక్క. వేలు చచ్చుబడినా నొప్పి ఉండదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

నొప్పిని గురువని కొలిచేవాళ్లు ప్రతి విద్యలోనూ తగులుతారు. పాట నేర్చుకోవాలంటే గొంతు చీరుకుపోవాలంటారు, చదువు రావాలంటే కళ్లు మండాలంటారు. తాము పడ్డ బాధ ఉత్తపుణ్యానికి పడ్డామని ఒప్పుకోలేక, దానికో అర్థం తగిలించి, తరవాత వచ్చినవాడి నెత్తిన పెడతారు. ఫ్రేముల మాస్టారిది అంతకంటే విడ్డూరం. ఆయన ఆ బాధ పడనేలేదు.

ఆయన అసలు వృత్తి పటాలు కట్టడం. బజారు మలుపులో ఇరుకు దుకాణం. గోడల నిండా ఎవరూ వచ్చి పట్టుకెళ్లని పటాలు: పట్టాలు పుచ్చుకుంటున్న కుర్రాళ్లు, పోయిన తాతలు, ఇప్పుడు మాట్లాడుకోని దంపతులు. పొద్దున్నించీ గాజు కోయడం, కోసిన అంచుని వేలితో తడిమి చూడటం, చెక్క బద్దలు అతకడం, పటం వెనక ఇనప తీగ బిగించి మెలిపెట్టడం. ఇదే పని. ఏళ్ల తరబడి ఇదే చేసి ఆయన వేళ్లకొసలు చెప్పు అడుగుల్లా తయారయ్యాయి. పొగలు కక్కే టీ గ్లాసుని ఉత్త చేత్తోనే పట్టుకునేవాడు.

దుకాణం వెనక మూతపడిన కర్మాగారం తాలూకు షెడ్డు ఒకటి ఉంది. అందులో విలువిద్య క్లబ్బు నడిచే రోజుల్లో వాళ్ల గ్రూపు ఫోటోకి పటం కట్టి ఇవ్వడానికి వెళ్లి, సరదాకి ఒక విల్లు అందుకున్నాడు. ఉత్త వేళ్లతో లాగి వదిలాడు. క్లబ్బు కార్యదర్శి ఆయన వేళ్లు చూసి, "మాకు వారం రోజులు బొబ్బలండీ! మీకు గీత కూడా పడలేదే! ఇది పుట్టుకతో రావాలి" అన్నాడు. పొగడ్తని తిరగేసి చూసి పుచ్చుకునేవాళ్లు తక్కువ. మాస్టారు దాన్ని ఉన్నపళంగా గుండెకి పటం కట్టుకున్నాడు. దుకాణంలో గాజు పట్టుకునే వేళ్లూ షెడ్డులో నారి లాగే వేళ్లూ ఒకటేనని ఆయనకి తోచలేదు.

తరవాత క్లబ్బు చెదిరిపోయింది. పాత విల్లులూ గడ్డి గురిపలకలూ ఈయనకి మిగిలాయి. ఆసక్తి ఉన్నవాళ్లు సాయంత్రాలు రావడం మొదలుపెట్టారు. పటాలాయన మాస్టారయ్యాడు. మాస్టారన్నాక ఒక సిద్ధాంతం ఉండాలి కాబట్టి ఒకటి తయారైంది: వేలికి తోలు తొడిగితే నారి చెప్పే మాట వినబడదు, పూర్వీకులు ఉత్త చేతులతోనే వేసేవారు. నారికీ వేలికీ మధ్య అడ్డం పెట్టుకునే తోలుముక్క ఎంత పాతదంటే దానికి పాత భాషలో అంగుళిత్రాణం అని దర్జా అయిన పేరే ఉంది. వేళ్లు నొప్పెడతాయని పూర్వీకులకి తెలుసు. పూర్వీకుల మీద ఉపన్యాసాలిచ్చే మాస్టారికే తెలియదు.

మేనకోడలు ఆయన అక్క కూతురు. ఊళ్లో పని దొరికాక మామయ్య ఇంట్లోనే మేడమీద గదిలో ఉంటోంది. టైలరమ్మ దుకాణంలో చేతికుట్టు పని: అంచులు మడిచి కుట్టడం, కాజాలు, గుండీలు, కాలరు లోపలి కుట్లు, మిషను చేస్తే మోటుగా కనబడేవన్నీ. ఆ పనిలో ఆమెకి మంచి పేరు. కళ్లు మూసుకుని గుడ్డ కొసని వేళ్ల మధ్య నలిపి, "నూలు కాదమ్మా, కల్తీ ఉంది" అని చెప్పేది. కొనుగోలుదార్లు నమ్మక మళ్లీ పరీక్ష పెట్టేవారు. మళ్లీ చెప్పేది. రోజంతా తల వంచుకుని కూర్చున్న మనిషికి సాయంత్రం నిటారుగా నిలబడి, రెక్కలు విప్పి విల్లు లాగడం ఎంత హాయిగా ఉండేదో! బాణం గడ్డిలో దిగిన చప్పుడుకి ఆమె భుజాలు కిందికి జారేవి. షెడ్డులో అందరికంటే బాగా వేసేది. మొదటి నెలల్లో ఆమెకీ వేళ్లు మండాయి. చెబితే "పచ్చివే" అంటాడని చెప్పలేదు. తరవాత మండటం మానేశాయి. అప్పుడు చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. కిటికీ దగ్గర కూర్చుని ఆమె ఒక తెల్లచొక్కా కాలరు కుడుతోంది. స్కూలు యూనిఫారాల రోజులు, పని ఇంటికి కూడా వచ్చేది. మాస్టారు పేపరు చదువుతున్నాడు. అత్తయ్య, అంటే మాస్టారి భార్య, ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఏమే, కాలరు మీద అదేంటి?" అంది అత్తయ్య.

"ఏది?"

"ఎర్రగా."

ఇద్దరూ చూశారు. కాలరు మీద ఎర్రటి మరక, దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. మందపాటి మడతలోంచి సూదిని ముందుకి తోసేది కుడిచేతి నడిమివేలు. సూది వెనకభాగం, అంటే దారం ఎక్కించే బెజ్జం ఉన్న వైపు, ఆ వేలి కొసలో దిగబడి ఉంది. ఆమె ఇంకా తోస్తూనే ఉంది.

"అయ్యో, చొక్కా!" అంది అమ్మాయి ముందు. తరవాత వేలు లాక్కుని చూసుకుని నవ్వింది. "తొడుగు పెట్టుకోవడం మర్చిపోయా అత్తయ్యా. అసలు తెలియనే లేదు."

"సూది దిగితే తెలియకపోవడం ఏమిటి?"

"ఈ వేలికి ఏదీ తెలియట్లేదు. చాలా రోజులైంది. ఉంగరపు వేలికి కూడా సగం. గట్టిపడ్డాయి. మామయ్య రోజూ నొక్కి చూస్తాడుగా."

పేపరు వెనక మాస్టారు చదువుతున్న వాక్యం దగ్గరే ఆగిపోయాడు. ఎవరూ చెప్పకుండానే మొత్తం తెలిసిపోయింది. మణికట్టు పట్టుకుని ఎత్తిన చెయ్యి, కదలని వేలు, నవ్వులు, అన్నీ ఒక్కసారిగా. పేపరు దించి ఏదో ఒకటి అనాలి. దించాడు.

"సూది మరీ పదునుగా ఉందేమో," అన్నాడు.

మర్నాడు నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆయనే. తప్పు చేసినవాళ్లకి బస్సు ఎక్కించడం, చీటీ రాయించడం లాంటి పనుల్లో ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది.

డాక్టరు అమ్మాయిని కళ్లు మూసుకోమని దూదిపింజతో ఒక్కొక్క వేలూ తాకాడు. "చెప్పు."

"తగిలింది. తగిలింది." కాసేపు ఏమీ లేదు. "పెట్టండి," అంది.

"పెట్టానమ్మా."

ఆమె కళ్లు తెరిచింది. దూదిపింజ నడిమివేలి మీదే ఉంది. అప్పటిదాకా ఆమెకి భయం వెయ్యలేదు. అప్పుడు వేసింది.

"ఏం పని చేస్తావు?"

"కుట్టుపనండీ. చేతికుట్టు."

డాక్టరు పోయిన తాళంచెవి జేబులోనే దొరికినవాడిలా తల ఊపాడు. "అదీ సంగతి. రోజంతా సూది తోస్తుంటే వేలికొసలో సన్నటి నరాలు నలిగిపోతాయి. కుట్టు ఆపెయ్యి. కొన్ని నెలలు. నలిగినదాన్నే నలిపితే ఇక తిరిగి రాదు." మాస్టారి వైపు తిరిగాడు. "ఇంట్లో బరువు పనులేమైనా చేయిస్తున్నారా?"

"అబ్బే. ఇంట్లో ఏమీ లేదండీ," అన్నాడు మాస్టారు.

అక్షరాలా నిజం. షెడ్డు ఇల్లు కాదు. గోడమీద వెన్నెముక బొమ్మ వేలాడుతోంది. ఆయన అందులో ఒక్కొక్క పూసే శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు. అమ్మాయి విల్లు మాట ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది? విల్లు తన వేళ్లని బాగుచేసిందని కదా మామయ్య ఆమెకి చెప్పింది!

బస్టాపులో ఆమె టైలరమ్మకి ఫోను చేసి డాక్టరు మాట చెప్పింది. తరవాత మామయ్యని ఊరడించడానికి కాబోలు, "పోనీలే మామయ్యా. కుట్టు మానేస్తే పొద్దున్నా సాయంత్రమూ విల్లే," అంది. ఇంకాసేపాగి, "టైలరమ్మ శనివారం దాకా రమ్మంది. సోమవారం నుంచి వేరే అమ్మాయి వస్తుందట. ఆ అమ్మాయి బాగా కుడితే మళ్లీ నన్ను పిలుస్తారంటావా?"

"పిలుస్తారు, పిలుస్తారు," అన్నాడు. బస్సు వచ్చింది. ఆయన ప్రాణం లేచొచ్చింది.

ఆ వారం ఆయన పడ్డ బాధ నిజమైనదే. అన్నం సహించలేదు. గాజు వంకరగా కోశాడు. ఎవరి తాతనో ఎవరి చట్రంలోనో బిగించి మళ్లీ విప్పాడు. పశ్చాత్తాపం మనిషిని శుద్ధి చేస్తుందని చెబుతారు. నోరు విప్పనంత కాలం అది చేసేదేమీ లేదు. కుమిలిపోవడం ఒక సౌకర్యం. కుమిలిపోతున్నంత సేపూ ఇంకేమీ చెయ్యక్కర్లేదు. పైగా తన మీద తనకి కాస్త గౌరవం కూడా మిగులుతుంది.

చెప్పకుండానే తప్పు సరిదిద్దే ఉపాయం ఒకటి ఆయనకి తోచింది. తన పాత తోలు పర్సు కోశాడు. మూడు వేళ్లకీ సరిపడే ముక్క, మధ్యలో బాణం వెనక కొస కూర్చోవడానికి సన్నటి చీలిక, నడిమివేలికి తొడుక్కునే ఉంగరం లాంటి పట్టీ. నారి తేలిగ్గా జారిపోయేలా నున్నటి వైపు బయటికి పెట్టి పౌడరు రుద్దాడు. క్లబ్బు రోజుల్లో ఇలాంటివి ఎన్నో చూశాడు, చూసి ఎకసెక్కాలాడాడు. కాబట్టి ఎలా చెయ్యాలో క్షుణ్ణంగా తెలుసు.

"ఏంటిది?" అంది మేనకోడలు షెడ్డు గుమ్మంలో.

"తోలు. నారికీ వేలికీ మధ్య."

"నాకా? పచ్చివేళ్లవాళ్లకి కదా ఇవి?"

"కొత్త పద్ధతి. పెద్దపెద్ద పోటీల్లో అందరూ వాడుతున్నారట."

"అందరూ వాడితే వాళ్లంతా గొర్రెలన్నది నువ్వే." నవ్వి, ఆ తోలుముక్కని పర్సులో పెట్టుకుంది. ఆ సాయంత్రం కూడా ఉత్త వేళ్లతోనే లాగింది. అందరి ముందూ మామయ్య ఎత్తి చూపిన వేలు అది; దానికి తోలు తొడుక్కుని పరువు తీసుకుంటుందా? నారి వదిలిన ప్రతిసారీ ఆయన కళ్లు చిట్లించాడు. ఆపమని మాత్రం అనలేదు. సాధన ముగిశాక చప్పట్లు చరచలేదు.

"ఇవాళ చేతులు చూడరా మాస్టారూ?" అన్నాడు కంపౌండరు. ప్లాస్టరు ఎక్కువసార్లు పోగొట్టుకున్నవాడు ఈయనే. "నావి పండాయేమో చూస్తారనుకున్నా."

"రేపు," అన్నాడు మాస్టారు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర భార్య కోసిన పర్సు పట్టుకొచ్చి ఆయన పక్కన పెట్టింది.

"ఎలకలకి కత్తెర పట్టడం ఎప్పుడొచ్చిందండీ?"

ఆయన పర్సుని పళ్లెం చాటుకి జరిపాడు.

"నాలుగు రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నారు. డాక్టరుతో అమ్మాయి తనది కుట్టుపని అని చెప్పింది. మీరేం చెప్పారు?"

"నన్నడగలేదు."

"అడగలేదా, చెప్పలేదా?"

"ఇంట్లో పనులేమైనా ఉన్నాయా అన్నాడు. లేవన్నాను."

ఆమె గరిటె కింద పెట్టింది. "సోమవారం నుంచి అది పని మానేసి, ఏ పని వల్ల వేలు పోయిందో అదే పొద్దస్తమానం చేస్తుంది. మీరు పక్కన నిలబడి చూస్తారు. తోలు కొయ్యడం చేతనైంది గానీ నోరు విప్పడం చేతకాలేదా?"

"చెబితే నా ముఖం చూస్తుందా అది?"

"చూడకపోవచ్చు. మీ ముఖం దాని పొట్ట నింపుతుందా?" పళ్లెం తీసుకుని లేచింది. "అంతమంది ముందు ఎత్తారు ఆ చెయ్యిని. అంతమంది ముందే దించండి."

శనివారం సాయంత్రం మేనకోడలు టైలరమ్మ దుకాణం నుంచి తిన్నగా షెడ్డుకి వచ్చింది. చేతిలో రేకు డబ్బా: ఆమె సూదులూ, చిన్న కత్తెరా, వేలితొడుగూ. దుకాణంలో అరమీద ఎప్పుడూ ఉండే డబ్బా అది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి విల్లు అందుకోబోయింది.

మాస్టారు చప్పట్లు చరిచాడు. "చేతులు!"

"ఇంకా మొదలే పెట్టలేదు కదండీ," అన్నాడు కంపౌండరు. అయినా అలవాటు కొద్దీ అందరూ వరసకట్టారు.

మాస్టారు ఎవరి వేలూ పట్టుకోలేదు. "నొప్పి సంగతి అడగను. తిమ్మిరి ఎవరికుంది? వేలు మొద్దుబారినట్టు, మీది కానట్టు ఎవరికుంది?"

అందరూ చాపిన చేతులు కాస్త వెనక్కి తీసుకున్నారు. ఇదేదో కొత్త పరీక్ష అనుకున్నారు. చివరికి కంపౌండరు గొంతు సవరించుకున్నాడు. "నవ్వనంటే చెబుతా."

"నవ్వను."

"నాకు నరం దొరకట్లేదండీ. సూది వేసేముందు రోగి చెయ్యి తడిమి నరం పట్టుకుంటాం చూడండి, కుడిచేతికి తెలియడం మానేసింది. ఎడంచెయ్యి వాడుతున్నా. నేను ఎడంచేతి వాటం అని ఆస్పత్రంతా అనుకుంటున్నారు."

వెనకెవరో కిసుక్కుమని, ఆపేసుకున్నారు. "నాక్కూడా రాత్రిళ్లు జివ్వుమంటోంది," అన్నారు ఇంకెవరో. ఒకరు మొదలుపెట్టాక మిగతావాళ్లూ చెప్పారు. ఇన్నాళ్లూ ఆయన వేలు నొక్కుతుంటే పళ్లు బిగపట్టి నిలబడ్డవాళ్లే అంతా.

మాస్టారు తన కుడిచెయ్యి చాపాడు. "నావి నొక్కండి."

కంపౌండరు నొక్కాడు. "రాయేనండీ బాబూ."

"ఎందుకయ్యాయలా?"

"విల్లు వేసీ వేసీ."

"కాదు. విల్లు ముట్టుకోకముందు నుంచీ ఇంతే. గాజు, తీగ, చెక్క. పటాలు కట్టీ కట్టీ ఇలా అయ్యాయి. నాకు నారి ఏనాడూ నొప్పి పెట్టలేదు. ఆ నొప్పేంటో ఎరగనివాణ్ని, ఓర్చుకోమని మీకు పాఠాలు చెప్పాను." ఆయన మేనకోడలి వైపు తిరిగాడు. ముందుగా అనుకుని పెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "అమ్మాయ్, నీ వేలు కుట్టువల్ల పాడవలేదు. దీనివల్ల. నావల్ల. టైలరమ్మకి ఇప్పుడే వెళ్లి చెబుతా. డాక్టరుకీ చెబుతా."

ఆమె వరసలోంచి బయటికి వచ్చింది. కిటికీ గట్టు మీద డబ్బా తీసుకుంది.

"డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"రక్తం వచ్చిన రోజు?"

"అప్పుడే తెలిసింది."

"సూది పదునుగా ఉందన్నావు."

"అన్నాను."

"వెనకవైపు దిగింది మామయ్యా. సూదికి వెనక పదునుంటుందా?" గొంతు పైకి లేవలేదు. "దుకాణంలో వేలికి తొడుగు పెట్టుకుంటే నన్ను పచ్చివేళ్లదానివని ఎవరూ అనలేదు. అక్కడెవరికీ నా వేలు అక్కర్లేదు, కుట్టు బాగుంటే చాలు."

ఆయన క్షమించమన్నాడో లేదో షెడ్డులో ఉన్నవాళ్లలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. అన్నా అది వినడానికి ఆమె అక్కడ లేదు. ఆయన టైలరమ్మ దుకాణానికి చేరేసరికే మేనకోడలు అక్కడుంది, డబ్బాని మళ్లీ అరమీద సర్దుతూ. టైలరమ్మ ఆయన చెప్పిందంతా విని, "ఇదంతా సోమవారం చెప్పి ఉంటే నేను ఇంకో పిల్లని రమ్మనకపోదును కదండీ," అంది. ఆమెకి అది ఒక పని ఇబ్బంది, అంతే. ఆయనకి మాత్రం అది నెలల తరబడి చెవిలో మోగింది.

అసలు సంగతి విన్నాక డాక్టరు మరీ మర్యాదగా ఏమీ మాట్లాడలేదు. విల్లు పూర్తిగా బంద్. కుట్టు తక్కువగా, తొడుగుతో, ఆ వేలికి పని చెప్పకుండా. తిరిగొస్తుందా అంటే, రావచ్చు, నరం తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, అన్నాడు. టైలరమ్మ ఇద్దరినీ ఉంచుకుంది. కొత్తమ్మాయికి కాలర్లు, ఈమెకి గుండీలు. గుడ్డ నలిపి చెప్పమని ఎవరైనా అడిగితే ఆమె ఎడంచెయ్యి చాపేది. కొన్నిసార్లు తప్పు చెప్పేది.

షెడ్డులో "చేతులు!" అన్న కేక పోయింది. ఎవరి తోలుముక్క వాళ్లకి మాస్టారే కోసిచ్చాడు. అది లేనిదే విల్లు ముట్టుకోనివ్వలేదు. బరువైన విల్లులు అటకెక్కాయి. నారిని వేలికొసలతో కాకుండా మొదటి కణుపు మడతలో పట్టుకోమనీ, ఆరుసార్లు వేశాక అరగంట కూర్చోమనీ, తిమ్మిరి మొదలైందంటే ఆ పూటకి చాలనీ చెప్పసాగాడు. "బకెట్టు కింద పెట్టేటప్పుడు వేళ్లని విప్పుతామా? అవే విప్పుకుంటాయి. నారినీ అలాగే వదలండి, పీకకండి." ఎవరైనా పౌరుషానికి పోయి తోలు తీసేస్తే మునుపటంత గట్టిగానే అరిచేవాడు. మనిషి మారడం అంటే గొంతు మారడం కాదు. కంపౌండరు ఒకరోజు పరుగున వచ్చి, "నరం దొరికిందండీ! కుడిచేత్తో! మొదటిసారికే!" అన్నాడు. అందరూ సంతోషించారు. మాస్టారూ సంతోషించాడు. ఆ తరవాత గడ్డి గురిపలక వెనక్కి వెళ్లి, ఎవరూ వెయ్యని బాణాలు చాలాసేపు ఏరాడు.

మేనకోడలు ఆయనతో మాట్లాడటం మానలేదు. అంతకంటే కష్టమైన పని చేసింది, మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టింది. "నీళ్లు కావాలా మామయ్యా," "గొళ్లెం పెట్టేశాను మామయ్యా." తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. అది కూడా ఆయన కోసమే. ఆమెకి వేరే పనులున్నాయి.

వేలికి స్పర్శ ఎంతవరకు వచ్చిందో అప్పుడప్పుడు తాకి చూసుకోమన్నాడు డాక్టరు. ఆ పని అత్తయ్య చేసేది. చాలా నెలలకి ఒక సాయంత్రం అమ్మాయి దుకాణంలోకి వచ్చి, పని బల్ల ముందు స్టూలు లాక్కుని, చెయ్యి గాజు మీద పెట్టింది.

"అత్తయ్యకి కళ్లజోడు దొరకట్లేదట. నా వేలు నువ్వు చూడు."

ఆయన చేతికందినది ఒక విరిగిన బాణం. దాని చివరి ఈక పీకి పట్టుకున్నాడు. అమ్మాయి కళ్లు మూసుకుంది. చూపుడువేలు మీద ఆనించాడు.

"తగిలింది."

ఉంగరపు వేలు.

"తగిలింది."

నడిమివేలు దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఈక వేలికి ఇంకా చాలా దూరంలో ఉంది.

"తగిలింది మామయ్యా," అంది ఆమె.

బయట రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆయన ఈకని బల్లమీద పెట్టేశాడు.

"నేనింకా తాకలేదు."

ఆమె కళ్లు తెరిచింది. ముఖం ఎర్రబడింది. ట్యూబులైటు కింద చెయ్యెత్తి నిలబెట్టినప్పుడు ఎర్రబడినట్టే.

"నువ్వు మరీ అలా చూస్తుంటేనూ," అంది.

"చూడను. గోడవైపు తిరిగి పెడతా, కావాలంటే. నాకోసం ఏమీ చెప్పకు. తగలకపోతే తగల్లేదను. తిట్టాలనిపిస్తే తిట్టు."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది."

"ఉంటుంది."

"అందుకే తిట్టను." ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. "పెట్టు."

ఆయన పెట్టాడు. కొస మీద, మధ్యలో, గోరు పక్కన.

"లేదు," అంది. "లేదు. లేదు."

ఆయన ప్రతి లేదుకీ తల ఊపుతూ, ఈకని నెమ్మదిగా కణుపు వైపు జరుపుకుంటూ పోయాడు.